పోటా, పాటా?

పదిహేడేళ్ళు అదే తొట్టి నింపాను.
ఒక కుళాయి నాలుగు గంటల్లో నింపును,
ఇంకొకటి ఆరు గంటల్లో ఖాళీ చేయును,
రెండూ ఒకేసారి తెరిచిన...
పన్నెండు అని బోర్డు మీద వేసి
కింద రెండు గీతలు కొట్టేదాన్ని.
రెండు గీతలు పడ్డాక ఇంకెవరూ ఏమీ అడగరని
మా చిట్టూరి వీర్రాజు మేష్టారి దగ్గర నేర్చుకున్నాను.
ఆయనకు ఎవరు నేర్పారో.

కాట్రేనికోన దాటి ఇంకా కిందకి,
గోదారి పాయ సముద్రంలో కలవబోతూ
ఎటు పోవాలో తేల్చుకోలేక తచ్చాడే చోట మా బడి.
ఒక కిటికీలో మడచెట్లు,
ఇంకో కిటికీలో రొయ్యల చెరువులు,
నీళ్ళని చిలికి చిలికి అలసిన ఏరేటర్లు.

మల్లాడి పోలేశు చెయ్యెత్తాడు ఒకరోజు.
ఎత్తే పిల్లాడు కాదు.
రాత్రి చెరువు గట్టున కాపలా, పగలు నా క్లాసులో నిద్ర.
ఆ ఒప్పందం ఇద్దరికీ బాగానే కుదిరింది అప్పటిదాకా.

"టీచర్‌గారండీ,
అప్పుడు పోటాండి, పాటాండి?"

క్లాసులో ఎవరూ నవ్వలేదు.
అది తరవాతెప్పుడో గుర్తొచ్చింది.
నవ్వింది నేను.
"తొట్టికి పోటేంట్రా!"
స్టాఫ్‌రూములో చెప్పి అందరినీ నవ్వించాను కూడా.
టీలో బిస్కెట్టు విరిగి పడిపోయేంత నవ్వు.
"వీళ్ళకి చదువెక్కదులెండి" అన్నారు సుభాషిణి గారు.

అర్ధ సంవత్సరం పరీక్షలో అదే లెక్క ఇచ్చాను.
"పాటులో అయితే ఖాళీ అవుద్ది. పోటులో అవదు" అని రాశాడు.
ఎర్ర సిరాతో సున్నా చుట్టాను,
ఎక్కడా తెగకుండా, గుండ్రంగా.

ఆ మాఘమాసంలో ఆఖరి పడవ తప్పిపోయి
చెప్పులు చేతబట్టుకుని గట్టు మీద నడిచొస్తుంటే
తూము దగ్గర వాడు.
పక్కన గాట్లు పెట్టిన సరుగుడు కర్ర,
మోకాళ్ళ దాకా బురద.
నన్ను చూసి లేచి నిలబడ్డాడు, క్లాసులో లాగే.

"ఇప్పుడు తలుపు తీత్తే ఖాళీ అవదండి,
ఇంకా నిండుద్ది. పోటు మీదుంది.
పున్నానికో లెక్కండి, అష్టమికో లెక్క.
రోజుకి రెండు గడియలు ఎనక్కి జరుగుద్దండి. మా తాత చెప్పాడు."

రెండు గడియలంటే నలభై ఎనిమిది నిమిషాలు.
వేళ్ళ మీద లెక్కేసి చూసుకున్నాను.
వాడు చూసుకోలేదు.
నీళ్ళు కర్ర మీది మూడో గాటు ముట్టే దాకా
ఇద్దరం మాట్లాడకుండా నిలబడ్డాం.
నా సున్నా నీళ్ళలో వెన్నెలై తేలిందని రాయొచ్చు గానీ
ఆ రాత్రి వెన్నెల లేదు,
దోమలున్నాయి.

మర్నాడు మారిపోయానేం?
మళ్ళీ రెండు గీతలే కొట్టాను. చేతి అలవాటు.
ఆ ఏడూ, పై ఏడూ.
పోలేశుకి పదిలో లెక్కలు పోయాయి.
ముప్పై ఒకటి.
తక్కువైన నాలుగు మార్కులు ఎక్కడున్నాయో
నాకు తెలుసు.

చదువు ఎక్కాలంటాం మనం,
తాడిచెట్టు ఎక్కినట్టు.
ఎక్కనివాడు కిందే ఉన్నట్టు.
చదువు వచ్చింది అని కూడా అంటాం కదా.
ఈ ఊళ్ళో వచ్చేవన్నీ ఏటి దారినే వస్తాయి,
వచ్చినవాటిని ఆపి ఉంచుకోవడానికి
తూము దగ్గర ఎవరో ఒకరు మెలకువగా ఉండాలి.
ఉన్నాడు. నేనే నిద్రపోయాను.

ఈ ఏడు తొట్టి లెక్క వేసి
సుద్దముక్క బల్ల మీద పెట్టేశాను.
"పోటా, పాటా?" అన్నాను.
నా గొంతు నాకే కొత్తగా ఉంది.
వెనక బెంచీలు ముందుకొచ్చాయి.
రొయ్యల షెడ్డుకి వెళ్ళే ధనకుమారి
తొట్టికి తలుపు ఎటువైపు పెట్టాలని పోట్లాటకు దిగింది.
గోల. హెడ్‌మాస్టరు గారు వచ్చి తొంగిచూసి పోయారు.

తనిఖీకి వచ్చినాయన బోర్డు చూశారు.
"జవాబేదమ్మా? గీతలేవి?"
నేను నోరు తెరిచే లోపే
ధనకుమారి లేచింది:

"ఇయ్యాల ఏకాదశండి.
సాయంత్రం చూసొచ్చి చెప్తామండి."